ఒకే క్షణంలో రెండు సంతకాలు

తొమ్మిదో భాగం

లెక్చరర్ నా నోటి దగ్గర ముద్ద లాక్కుని ఉంటే ఇంత బాధపడేవాణ్ని కాదు. ముద్ద ఇంకోచోట దొరుకుతుంది. నా మీద లేనిపోనివి కల్పించి చెప్పినా ఊరుకునేవాణ్నేమో. చెడ్డవాడనిపించుకోవాలన్నా ముందు మనిషంటూ ఉండాలి కదా. ఆ పెద్దమనిషి అదీ చెయ్యలేదు, ఇదీ చెయ్యలేదు. అసలు నేనే లేనని రాసిచ్చాడు. కింద సంతకం కూడా పెట్టాడు.

ఈ పేజీ మొదటిసారి తిప్పుతున్నవాళ్ల కోసం ఉన్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. నేనూ, లెక్చరరూ బ్లాక్‌చెయిన్ మీద ప్రోగ్రాములు రాసి బతికేవాళ్లం. బ్లాక్‌చెయిన్ అంటే కొట్టివేతలు లేని చిట్టా. ఒకసారి ఎక్కింది చెరగదు, అదే నకలు వేలమంది కంప్యూటర్లలో ఉంటుంది. అందులోకి ఎక్కించే ప్రతి ముక్క మీదా రాసినవాడు తన కీతో సంతకం చెయ్యాలి. కీ అంటే బొటనవేలంత ముక్క. కంప్యూటర్‌కి గుచ్చి నొక్కితే సంతకం పడుతుంది. ఆ సంతకాలన్నీ సరిచూసి, ఎవడు ఎంత పనిమంతుడో వెయ్యికి ఇన్ని అని మార్కులు వేసే సంస్థ ఒకటుంది. దాని పేరు పరపతి. మా వృత్తిలో ఇప్పుడు నీ పేరేమిటని ఎవరూ అడగరు, నీ పరపతి ఎంత అంటారు. ఏడువందలు దాటితే కుర్చీ వేస్తారు. దాటకపోతే మెయిలుకు జవాబు కూడా రాదు.

నాకు ఏడువందల పైచిలుకే ఉండేది. బుధవారం పొద్దున పళ్లు తోముకుంటూ ఫోన్ తెరిస్తే, నా పేరు ఉండాల్సిన చోట రెండు వాక్యాలు ఉన్నాయి. ‘ఈ ఖాతా వేరొక వ్యక్తి వాడుకున్న రెండో పేరుగా నిర్ధారణ అయినది. పాయింట్లు అసలు వ్యక్తి ఖాతాలో కలపడమైనది.’ అసలు వ్యక్తి ఎవరో కింద రాశారు. ఎవరి వాంగ్మూలం మీద నిర్ధారించారో అదీ రాశారు. రెండు చోట్లా లెక్చరర్ పేరే. నోట్లో నురుగుతో అలాగే నిలబడిపోయాను. కిందటివారం మనం ఆగింది అక్కడ.

లెక్చరర్ ఒకప్పుడు నిజంగానే కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. రెండు డిగ్రీలు, పేరుకి ముందువెనకల అక్షరాలు. నేను ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు కట్టిపెట్టి, రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసే షాపులో స్టూలెక్కినవాణ్ని. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ తీసుకెళ్లని కంప్యూటర్ మీద, షాపు మూసేశాక కూర్చుని ప్రోగ్రాములు నేర్చుకున్నాను. పని వచ్చింది. కానీ ఏ ఫారం ఇచ్చినా ‘చదువు’ అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయేది. పరపతి ఫారంలోనూ ఆ గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసినా కింద నంబరు పడింది. నా పుట్టుకలో నా క్లాసు పట్టించుకోకుండా నాకు మార్కులు వేసింది అదొక్కటే. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఆ రోజు ఫోన్‌ను దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.

తొమ్మిదేళ్లు మేమిద్దరం ఒకే గదిలో, వీపుకి వీపు పెట్టి పనిచేశాం. మధ్యలో బల్ల మీద వంటింట్లో వాడే టైమరు ఒకటి ఉండేది. నలభై నిమిషాలకు తిప్పేవాణ్ని. గంట మోగితే ఎక్కడున్నా ఆపాలి, అప్పటిదాకా రాసినదాని మీద కీ నొక్కాలి, లేచి నడుం విరుచుకోవాలి. షాపులో నాకు పని నేర్పిన ముసలాయన పద్ధతి అది. నలభై నిమిషాలు దాటి సోల్డరింగ్ రాడ్డు పట్టుకుంటే చెయ్యి అబద్ధమాడుతుందనేవాడు. నా వెనక కూర్చుని కూర్చుని లెక్చరర్‌కీ ఆ గంటే అలవాటైంది.

నాలుగేళ్ల కింద అతను కొత్త ఇంటికి మారాడు. గంట మాత్రం మారలేదు. పొద్దున్నే ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి, ఎవరి బల్ల మీద వాళ్లం ఉంచేవాళ్లం. మాటలేమీ ఉండవు. నా టైమరు అతనికి వినబడేది, అతని ఇంట్లో గిన్నెల చప్పుడు నాకు వినబడేది. గంట మోగగానే ఇద్దరం కీ నొక్కేవాళ్లం, రోజుకు పదిసార్లు. నాకు పెళ్లీ పెటాకులూ లేవు. ఆ గిన్నెల చప్పుడే నాకు సంసారం.

బుధవారం నుంచి ఫోన్ మూగబోయింది. నేను చెయ్యలేదు, అతనూ చెయ్యలేదు. టైమరు మాత్రం తిప్పుతూనే ఉన్నాను. అది మోగుతుంది, నొక్కుదామంటే కీ చెల్లదు, వినడానికి అవతల మనిషి లేడు. రెండు రోజులు ఆ గంట వింటూ గదిలో కూర్చున్నాను. అప్పీలుకు గడువు శుక్రవారం సాయంత్రం అయిదింటికి. శుక్రవారం మధ్యాహ్నం మూడుకి టైమరును చేతిసంచిలో వేసుకుని బయల్దేరాను. గది తాళంచెవి మర్చిపోయాను గానీ దాన్ని మర్చిపోలేదు.

తలుపు తీసింది అతని భార్య. నన్ను చూసిన మొదటిరోజే అన్నయ్యా అని పిలిచింది. అందుకే లెక్చరర్ నన్ను బావా అంటాడు, నేనూ అతన్ని బావా అనే అంటాను.

“రా అన్నయ్యా. రెండ్రోజులుగా గంట వినబడట్లేదేంటా అనుకుంటున్నా. ఒంట్లో బాలేదా?”

“ఒంట్లో బాగానే ఉందమ్మా. ఒళ్లే లేదని మీ ఆయన రాసిచ్చాడు.”

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. “టీ పెడతాను, లోపల ఉన్నారు,” అని వంటింట్లోకి వెళ్లింది. ఆమెకు ఏమీ తెలియదని అప్పుడే అర్థమైంది.

లెక్చరర్ గది చిన్నదే. గోడ నిండా ఫ్రేములు. డిగ్రీలు, సభల్లో ఎవరో శాలువా కప్పి జ్ఞాపిక ఇస్తుండగా తీసిన ఫొటోలు. కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు గానీ స్క్రీన్ ఆరిపోయి ఉంది. నన్ను చూసి సగం లేచాడు.

“బావా. నేనే వద్దామనుకుంటున్నా.”

“ఎవరి దగ్గరికి?”

“నీ దగ్గరికే.”

“లేనివాడి దగ్గరికి బస్సు టికెట్టు దండగ కదండీ.”

అతన్ని నేనెప్పుడూ మీరు అనలేదు. ఆ ‘అండీ’ అతనికి తగిలింది. కుర్చీ నా వైపు జరిపాడు.

“ముందు కూర్చో.”

“కూర్చుంటాను. ఖాళీగానే కనబడుతుందేమో చూసుకోండి.”

“ఎకసెక్కాలు తర్వాత. చెప్పేది విను. పోయిన నెల పరపతి వాళ్లు నోటీసిచ్చారు. పదమూడేళ్ల మన సంతకాలు తిరగేశారట. రెండు కీలూ ఒకే క్షణంలో పడ్డాయి. ఒకసారి రెండుసార్లు కాదు బావా, ముప్ఫై ఎనిమిది వేల సార్లు. లోకంలో ఏ ఇద్దరు మనుషులూ ఇంతకాలం ఇలా కలిసి నొక్కరట. ఒక్కడే రెండు పేర్లు పెట్టుకుని మార్కులు కొట్టేస్తున్నాడని వాళ్ల మిషను తేల్చింది.”

ఒక్క నిమిషం నాకు నవ్వొచ్చింది. అన్నదమ్ములు కూడా అలా ఉండరని మా గదికి వచ్చినవాళ్లు అనేవారు. మేం అంత కలిసి ఉండటమే మాలో ఒకడు అబద్ధమనడానికి రుజువైంది.

“ఇద్దరున్నారని చెప్పొచ్చుగా,” అన్నాను.

“చెప్పాను. అయితే విడివిడిగా ఉన్న రోజులు చూపించమన్నారు. ఒక కీ పనిచేస్తూ ఇంకో కీ ఊరుకున్న రోజులు. వరసగా నాలుగు రోజులున్నా చాలన్నారు.”

“ఉన్నాయిగా. పోయినేడాది నువ్వు ఆస్పత్రిలో లేవూ? పదకొండు రోజులు.”

ఆటలో గెలిచినట్టే అన్నాను.

లెక్చరర్ నేను గుర్తుచేసుకునేదాకా ఆగాడు.

పేగు పగిలి, కడుపంతా చీము పట్టి అతన్ని ఆస్పత్రిలో వేశారు. పోతూ పోతూ తన కీ నా చేతిలో పెట్టి దాచమన్నాడు. బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. పరపతి నిబంధన ఒకటుంది. ఏడు రోజులు సంతకం పడకపోతే స్కోరు కరగడం మొదలవుతుంది. అప్పుడు అతనిది ఏడువందల తొంభై రెండు. ఎనిమిది వందలు దాటితే పెద్ద పనులు ఇచ్చేవాళ్ల జాబితాలోకి ఎక్కుతాడు. బతుకుతాడో లేదో తెలియని మనిషి బతికి లేచేసరికి ఆ అంకె కరిగిపోయి ఉంటే ఎలా అనిపించింది. అంతే. డబ్బా తెరిచాను. ఒక స్క్రీన్ మీద నా పని, పక్క స్క్రీన్ మీద అతని పని. గంట మోగినప్పుడల్లా కుడిచేత్తో నా కీ, ఎడంచేత్తో అతని కీ, కలిపి నొక్కాను. పదకొండు రోజులు. ఆ పని గురించి అతనికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఉపకారం చేసినట్టుంటుందని ఊరుకున్నాను.

మేం ఇద్దరమని చెప్పగలిగిన పదకొండు రోజులు మొత్తం జీవితంలో అవే. వాటిని నా చేతులతో నేనే చెరిపేశాను.

“నీకెలా తెలుసు?” అన్నాను. అండీ ఎక్కడో జారిపోయింది.

“ఇంటికొచ్చిన రోజే చిట్టా చూశాను. ఒంటినిండా గొట్టాలు పెట్టుకుని పడుకున్న రోజుల్లో నేను రోజుకు పదిసార్లు సంతకం చేశానట. నువ్వు చెప్తావేమోనని చూశాను. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.”

“మరి వాళ్లకేం చెప్పావు?”

“ఏం చెప్పను? పరాయి కీ వాడినవాడికీ, కీ చేతులు మార్చినవాడికీ పేరు మీద జీవితాంతం ఎర్రగీత, ఇక ఎవరూ పనివ్వరు. నిబంధన నీకూ తెలుసు. అందుకని మంచం మీది నుంచి నేనే చేశానన్నాను. రెండు కీలూనా అని అడిగింది పరపతి ఆఫీసు కౌంటర్లో అమ్మాయి. రెండూ నేనే అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. అయితే రెండో మనిషి లేడన్నమాట అని రాసుకుంది. నేను కాదనలేదు.”

“కాదనలేదు.”

“అనలేదు బావా.”

“సరే. ఒకడు మిగలాలి, ఒకడు పోవాలి. నువ్వే ఎందుకు మిగిలావు?”

అతను గోడ వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది, నేనూ అటే చూస్తున్నాను.

“నా సర్టిఫికెట్లు ఉన్నాయి. సభల్లో మాట్లాడిన వీడియోలున్నాయి. నా మొహం నలుగురికీ తెలుసు. నీకు...”

“చెప్పు. నాకు?”

“నీకు ఆ సంతకాలు తప్ప ఇంకేం లేవు కదా.”

అబద్ధం చెప్పి ఉంటే తిట్టేవాణ్ని. నిజం చెప్పాడు కాబట్టి ఒళ్లు మండింది.

“ఆ సంతకాలూ ఇప్పుడు నీలో కలిశాయి. ఎంతకొచ్చావు?”

“తొమ్మిది వందల అరవై. వెయ్యి దాటకుండా కుదించి కలిపారట.”

“శుభం. గోడ మీద ఇంకో ఫ్రేముకి చోటు చూసుకో.”

“అలా మాట్లాడకు. సోమవారం నన్ను పెద్ద పనిలోకి తీసుకుంటున్నారు. మూడు దేశాల వాళ్లు వాడే ప్రోగ్రాముకి నేను కాపలా. అందులో కుదురుకున్నాక నీకు కొత్త కీ తీయిద్దాం. సున్నా నుంచి మొదలెడదాం. ప్రతిదానికీ నేనే సాక్షి సంతకం పెడతాను. మూడేళ్లలో మళ్లీ ఏడువందలకు తెస్తాను.”

“కొత్త పేరు, కొత్త కీ. చదువు గడిలో ఎనిమిదో తరగతి మాత్రం పాతదే. నాకిప్పుడు నలభై తొమ్మిది బావా. మళ్లీ బళ్లో చేరమంటున్నావు.”

“ఇంకేం చెయ్యమంటావు మరి? ఇద్దరం పోదామా?”

అప్పుడు నా సంచిలో గంట మోగింది.

నా చెయ్యి బల్ల మీదకు పోయింది. అతని చెయ్యి కూడా పోయింది. ఇద్దరి బొటనవేళ్లూ ఒకేసారి ముందుకు వంగాయి, నొక్కడానికి అక్కడ ఏమీ లేదు. ఇద్దరం చేతులు వెనక్కి తీసుకున్నాం. సంచిలో చెయ్యి పెట్టి టైమరు మళ్లీ నలభైకి తిప్పాను. ఎందుకు తిప్పానంటే చెప్పలేను. మోగింది కాబట్టి తిప్పాను.

తల ఎత్తితే గుమ్మంలో చెల్లెమ్మ, చేతిలో రెండు గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో టీ మీద మీగడ కట్టింది.

“తొమ్మిదేళ్లు ఆ గదికి రెండు డబ్బాలు కట్టి పంపాను,” అంది మొగుడితో. “ఒక్కడే మనిషైతే రెండోది ఎవరు తిన్నట్టు?”

“నీకు తెలీదు, ఊరుకో. ఇది వేరే సంగతి.”

“తెలీదు కాబట్టే అడుగుతున్నా.”

గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి, రెండు గ్లాసుల మధ్యన ఒక కాగితం పరిచింది. ఆస్పత్రివాళ్లు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం. చేరిన తారీఖు, వెళ్లిన తారీఖు, కింద ముద్ర. మధ్యలో డాక్టర్ చేతిరాతతో ఒక వరస ఉంది. మొదటి నాలుగు రోజులు రోగి పూర్తిగా మత్తులో ఉన్నాడని.

లెక్చరర్ మొహం పాలిపోయింది. “అది బయటికెళ్తే ఏమవుతుందో తెలుసా? ఇద్దరం పోతాం. సోమవారం లేదు, ఇంకేమీ లేదు.”

“ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందాం. మీ మార్కులు, మీ గీతలు నాకు తెలీవు. నాకు తెలిసింది ఒకటే. ఆ పదకొండు రోజులూ సాయంత్రం పూట ఒక మనిషి ఆస్పత్రికి వచ్చేవాడు. మీరు నిద్రలో ఉన్నారంటే లోపలికి రాకుండా బయట బెంచీ మీద గంట కూర్చుని వెళ్లిపోయేవాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. నిద్రపోవట్లేదా అన్నయ్యా అంటే పని ఎక్కువుందమ్మా అనేవాడు. ఆ మనిషి లేడంటే నేనెలా ఒప్పుకుంటాను?”

“బెంచీ మీద కూర్చునేవాడా?” అన్నాడు లెక్చరర్. నన్ను కాదు, ఆమెను అడిగాడు. “నాకు చెప్పలేదే.”

“మీ ఇద్దరూ ఒకరికొకరు ఏం చెప్పుకున్నారు గనక.”

కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టింది ఆమే. టీ తాగకుండానే లేచాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే లెక్చరర్ వెనకే వచ్చి నిలబడ్డాడు.

“బావా, ఏం చేస్తావు?”

సంచి తీసుకుని వీధిలోకి నడిచాను. బెట్టు చేసి కాదు, నాకూ తెలియకే.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన కూర్చున్నావిడ తన సంచి నా ఒళ్లోకి సగం జరిపి పెట్టుకుంది, అక్కడ ఎవరూ లేనట్టు. ఇంకోరోజైతే గొడవపడేవాణ్ని. ఆ రోజు సంచి బరువు బాగానే అనిపించింది. రెండు రోజుల్లో నన్ను తాకింది ఆ సంచీ, చెల్లెమ్మ చెయ్యీ మాత్రమే. లెక్కలు వేసుకున్నాను. నోరు మూసుకుంటే లెక్చరర్ ఉంటాడు, నేనుండను. నోరు తెరిస్తే ఇద్దరం ఉంటాం గానీ ఇద్దరి మీదా ఎర్రగీత ఉంటుంది. ఏ రకంగా వేసినా నా పాత నంబరు తిరిగి రాదు. దిండు పక్కన పెట్టుకుని పడుకున్న ఆ అంకె పోయినట్టే.

పరపతి వాళ్ల ధ్రువీకరణ ఆఫీసు మూడో అంతస్తులో, పళ్ల డాక్టర్ గది పక్కన. గోడ అవతల ఎవరి పన్నో తొలుస్తున్న మిషను చప్పుడు వినబడుతూనే ఉంటుంది. కౌంటర్లో ఉన్నామెకు మా వృత్తివాళ్లు పెట్టుకున్న పేరు మార్కులమ్మ. వయసు ముప్ఫైకి లోపే. మర్యాద ఎక్కువ, మొహంలో మార్పు తక్కువ.

“చెప్పండి సార్. ఎవరి తరఫున వచ్చారు?”

“నా తరఫునే.”

నంబరు కొట్టి చూసింది. “మీరు లేరండీ ఇందులో.”

“అందుకే వచ్చాను.”

“లేనివాళ్లు అప్పీలు చెయ్యడానికి గడి లేదు సార్.” స్క్రీన్ కిందికి జరిపింది. “‘ఇతరులు’ కింద పెడతాను. ఆ కెమెరా వైపు చూడండి. రెప్ప వెయ్యండి. తల ఇటు తిప్పండి. సరే, ఎవరో ఒకరు ఉన్నారని వచ్చింది.”

“సంతోషం.”

కాగితం ఇచ్చాను. తారీఖులు చదివింది, తన స్క్రీన్ మీద తారీఖులతో పోల్చింది, మళ్లీ కాగితం చూసింది. పక్క గదిలో తొలిచే చప్పుడు ఆగింది.

“ఈ నాలుగు రోజులు ఆయన మత్తులో ఉన్నారు. కానీ ఆయన కీ మీద నలభై సంతకాలున్నాయి. తర్వాత ఏడు రోజుల్లో ఇంకో డెబ్భై. తానే చేశానని ఆయన రాసిచ్చారు.” కాగితం బల్ల మీద పెట్టింది. “మరి ఎవరు చేశారు?”

నేను నోరు తెరిచేలోపు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఒకమాట సార్. మీరేం చెప్పినా చిట్టాకెక్కుతుంది. తర్వాత నేను చెరపలేను, మా పైవాళ్లు కూడా చెరపలేరు. ఆలోచించుకుని చెప్పండి.”

సరిగ్గా అప్పుడు మోగింది, నా సంచిలో. వరసలో కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. పళ్ల డాక్టర్ గదిలోంచి దవడ పట్టుకున్న ఒకాయన తల బయటపెట్టి చూశాడు.

“అదేంటండీ?”

“ఏం లేదమ్మా. నా గంట.”

సంచిలో చెయ్యి పెట్టి దాని నోరు నొక్కేశాను. ఈసారి తిప్పలేదు. మార్కులమ్మ మాత్రం నన్ను చూడటం మానేసి స్క్రీన్ చూస్తోంది. కొత్త వరస ఏదో పడింది.

“ఇప్పుడే అవతలి కీ నుంచి వాంగ్మూలం వచ్చింది,” అంది. “మీ గంట మోగిన క్షణంలోనే పడింది.”

ఫోన్ లేదు, స్పీకర్ లేదు. నేను వాళ్లింట్లో టైమరు తిప్పడం అతను చూశాడు. నేను బయటికి వచ్చాక ఆ గదిలో గడియారం చూస్తూ నలభై నిమిషాలు లెక్కపెట్టుకున్నాడన్నమాట. నన్ను రెండోసారి చెరపడానికో, నా పక్కన నిలబడడానికో. రెంటికీ పట్టేది అదే నలభై నిమిషాలు.

ఆమె లోపల్లోపల చదువుకుంది. అంత నిబ్బరమైన మనిషి కూడా కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివింది.

“ఆయనది ముందు వినిపించమంటారా? అది విన్నాక మీది చెప్పుకోవచ్చు. నిబంధనల్లో ఆ వీలుంది.”

వింటే ఎంత తేలికో నాకు తెలుసు. అతను నిజం చెప్పి ఉంటే నేనూ చెప్తాను. అబద్ధం చెప్పి ఉంటే కసికొద్దీ చెప్తాను. ఎలాగైనా నా మాట అతని మాటకు తోకే అవుతుంది. పదమూడేళ్లు ఒకే క్షణంలో నొక్కాం. ఈ ఒక్కటి నేను విడిగా నొక్కాలి.

“వద్దు. ముందు నాది రాసుకోండి.”

ఆమె వేళ్లు మీటల మీద పెట్టింది.

“ఆ పదకొండు రోజులూ ఆ కీ నొక్కింది ఎవరు?”

“నేను.”

బుధవారం నుంచి ‘నేను’ అన్న మాట నా గదిలో చాలాసార్లు అనుకున్నాను. బయటికి వినబడటం అదే మొదలు. ఆమె కొట్టింది, మిషను తీసుకుంది. ఎర్రగీత గియ్యాలన్నా దాని కింద ఒక పేరుండాలి. ఆ మాత్రం నాకు చాలు.

“ఆయన నన్ను అడగలేదు,” అన్నాను. “దాచమనే ఇచ్చాడు. నొక్కింది నా అంతట నేనే. అది కూడా రాయండి.”

“రాశాను. ఆఖరి గడి. మీరు పోగొట్టుకున్నది ఎంతో అంకెల్లో చెప్పాలి.”

చెప్పాను. కొట్టింది. అప్పుడు లెక్చరర్ వాంగ్మూలం ఉన్న స్క్రీన్‌ను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నా వైపు తిప్పడం మొదలుపెట్టింది. పై వరసల మీద గదిలో దీపం వెలుగు పడి అక్షరాలు తెల్లగా కలిసిపోయాయి. అది పూర్తిగా తిరిగేలోపు నా కళ్లకు ఆనింది అడుగున ఉన్న వరస ఒక్కటే. అది నాదే, ఆమె ఇప్పుడే కొట్టింది.

పోయినవి ఏడువందల నలభై మూడు పాయింట్లు.